జపాను యుద్ధనౌకల నామధేయములు

2024 వ సంవత్సరము అక్టోబరు మాసమున, అమెరికా పడమటితీరమునకు చేరువ సముద్రములో, 'కగా' యను జపాను నౌకపై నొక పరీక్ష జరిగినది. నిట్టనిలువుగా దిగగల ఎఫ్-35బి జాతి యుద్ధవిమానములు ఆ నౌక పైతట్టున దిగి మఱల నెగిరినవి. ఇందులకై నౌక ముందుభాగమును ముందుగనే నలుచదరముగా మార్చియుండిరి. దాని పొడవు 248 మీటర్లు. పైన నొక కొసనుండి రెండవ కొసవఱకు విమానములకు చదునైన బయలు. ఇట్టిదానిని చూచిన నావికుడెవ్వడైనను విమానవాహకనౌక యనును. జపాను ప్రభుత్వము మాత్రము దీనిని 'గోయేకన్' అని వ్యవహరించుచున్నది. కావలినౌక, తోడునడచు నౌక యని దాని యర్థము.

నౌకకు రెండు పేరులుండును. ఒకటి జాతిపేరు, అది ఎంతటి నౌకయో, ఏపనికి కట్టినదో చెప్పును. రెండవది దానికి బారసాలనాడు పెట్టిన సొంతపేరు. 'కగా' జపానునందలి యొక ప్రాచీన రాష్ట్రము. ఆ పేరు గల మొదటినౌక 1941 డిసెంబరు 7 వ తేదీన పెర్ల్ హార్బరుపై దాడిచేసిన ఆఱు విమానవాహకములలో నొకటి. 1942 జూన్ మాసమున మిడ్వే దీవియొద్ద మునిగిపోయినది. 75 సంవత్సరములకు లోపుననే, 2017 మార్చిలో, అదే పేరుతో రెండవనౌక కొలువులో చేరినది. జాతిపేరు చూచితిమా, కాపలావాడు. సొంతపేరు విన్నామా, పెర్ల్ హార్బరు. ఈ రెండింటిలో దేనిని నమ్మవలయును?

జపాను నౌకల చరిత్రను పరిశీలించిన కొలది మాకు తోచునది యిది: జాతిపేరు దాచుచుండును, సొంతపేరు చెప్పుచుండును. ఇది నేడు క్రొత్తగా పుట్టిన మర్యాద కాదు. దీనికి నూఱేండ్లకు పైబడిన వయస్సు కలదు. దాని ఫలము ఒకప్పుడు మన కోస్తాతీరముపై బాంబులై కురిసినది గనుక, ఈ నామశాస్త్రము మనకు పరాయి వినోదము కాదు.

1853 లో అమెరికా నౌకాధిపతి పెర్రీ పొగలు గ్రక్కు నల్లయోడలతో ఎదో అఖాతమున ప్రవేశించునప్పటికి, జపానులో పెద్దయోడలు కట్టరాదను పాతశాసనము అమలులో నుండెను. ఆ శాసనము ఆ సంవత్సరమే రద్దయ్యెను. 1872 లో ప్రత్యేకముగా నౌకాశాఖ యేర్పడెను. పదియేండ్లు తిరుగకుండగనే 'ఫూసో', 'కోంగో', 'హియె' యను నౌకలు ఇంగ్లండునుండి వచ్చి చేరినవి. ఇనుము ఆంగ్లేయులది, యంత్రములు ఆంగ్లేయులవి, ఫిరంగులు జర్మనులవి. జపానువారు తమ సొమ్మని చెప్పుకొనదగినది పేరొక్కటే. కావుననే ఆ పేరును గుఱించి వారంత శ్రద్ధ వహించిరి కాబోలు. ఫూసో యనగా జపానునకు కవులు వాడు ప్రాచీననామము. కోంగో యనగా ఒసాకా, నారా ప్రాంతముల నడుమనున్న పర్వతము. ఆ పదమునకు వజ్రమని యర్థము. మన దేశమున పుట్టిన వజ్రశబ్దమే బౌద్ధగ్రంథములతో చీనాకు పోయి, అచ్చట భాషాంతరమునొంది, జపానుచేరి, కొండకు పేరై, తుదకు ఇంగ్లండులో కట్టిన ఓడమీద కూర్చున్నది! అట్లే 'మాయా' యను క్రూయిజరునకు పేరిచ్చిన కొండ కోబే నగరమువెనుక నున్నది. బుద్ధదేవుని తల్లియైన మాయాదేవి పేర నా కొండ వెలసినది. శాంతిమూర్తికి తల్లియైన యామె పేరు ఎనిమిదంగుళముల ఫిరంగులకు గొడుగుపట్టుట చూచి నవ్వవలయునో, నిట్టూర్చవలయునో పాఠకులే నిర్ణయింతురుగాక.

1894 లో చీనాతో యుద్ధము వచ్చునప్పటికి జపానువారి ముఖ్యనౌకలు మూడు: 'మత్సుషీమా', 'ఇత్సుకుషీమా', 'హషిదాతే'. ఇవి జపానీయులు తమ దేశమునందలి మూడు రమణీయదృశ్యములుగా లెక్కించు తావుల పేరులు. ఆ యుద్ధమున చీనా చెల్లించిన పరిహారధనము జపాను నౌకాదళము పెరుగుటకు మిక్కిలి తోడ్పడెను. తరువాత ఆఱు మహాయుద్ధనౌకలు ఇంగ్లండు రేవులలో తయారైనవి: ఫుజీ, యషీమా, షికిషీమా, అసాహీ, హత్సుసే, మికాసా. వీనిలో యషీమా యనగా ఎనిమిది దీవులు. అనగా జపాను దేశమే. 1904 మే 15 వ తేదీన పోర్టు ఆర్థరు వెలుపల ఆ నౌక రష్యావారి సముద్రపుమందుపాతఱ తగిలి మునిగినది. జపాను ప్రభుత్వము ఆ వార్తను ఒక సంవత్సరమునకు పైగా బయటకు పొక్కనీయలేదు. దేశముపేరు మోసిన నౌక మునిగెనని చెప్పుట ఎంత కష్టమో ఆనాడే వారికి తెలిసివచ్చినది.

1905 మే 27 న త్సుషీమా జలసంధిలో నౌకాధిపతి తోగో, 'మికాసా' పైనుండి నడపిన యుద్ధమున రష్యా నౌకాబలము నామావశిష్టమైనది. చిక్కిన రష్యానౌకలకు క్రొత్తపేరులు పెట్టుటలోనే జపానువారి మనస్సు తెలియుచున్నది. 'ఒరియోల్' నకు 'ఇవామీ' యని పెట్టిరి. అది యుద్ధము జరిగిన కడలి కెదురుగానున్న రాష్ట్రము. చక్రవర్తి మొదటి నికొలాయి పేరుగల నౌక 'ఇకీ' యయ్యెను; అది ఆ జలసంధిలోని దీవి. గెలిచినచోటును ఓడినవాని నుదుట వ్రాసిరి. 'వర్యాగ్' అను క్రూయిజరునకు 'సోయా' యని పెట్టిరి. 1916 లో రష్యా మిత్రరాజ్యము కాగా దానిని మఱల రష్యాకే ఇచ్చివేసిరి, పాతపేరును తిరిగివచ్చినది.

ఆ విజయవార్త మనదేశమున పుట్టించిన యుత్సాహము చరిత్రప్రసిద్ధమైనది. ఆసియావాసి పాశ్చాత్యుని గెలువగలడని ఆ యేడు ప్రతి చదువరియు సంతోషించెను. కాని ఆ సంతోషములో మనవారనేకులు గమనింపని సంగతి యొకటి కలదు. 1905 ఆగస్టులో నూతనముగా వ్రాసికొన్న ఆంగ్ల-జపాను సంధిలో హిందూదేశముకూడ చేరినది. ఇచ్చట ఆంగ్లేయుల పట్టు సడలకుండుటకు జపాను మాటయిచ్చినది. మనము మికాసాకు హారతులెత్తుచున్న దినములలోనే మికాసా యజమానులు మన సంకెళ్లకు పూచీపడిరి. 1915 ఫిబ్రవరిలో సింగపూరున భారతసిపాయిలు తిరుగబడినప్పుడు వారి నణచుటకు దిగినవారిలో జపాను యుద్ధనౌకల నావికులును గలరు. నౌకపేరు ఎంత మధురముగ నున్నను అది ఎవరి కొఱకు తేలుచున్నదో ముందు విచారింపవలయును.

ఇక నామకరణ పద్ధతిని చూతము. ఇది యొక్కదినమున ఏర్పడలేదు. అలవాటు క్రమముగ నియమమైనది. మహాయుద్ధనౌకలకు ప్రాచీనరాష్ట్రముల పేరులు: సత్సుమా, నాగాతో, ముత్సు, యమాతో, ముసాషి. పెద్ద క్రూయిజరులకు పర్వతములు: తకావో, అతాగో, చోకాయి. చిన్న క్రూయిజరులకు నదులు: కుమా, నాగరా, మొగామీ. విమానవాహకములకు ఎగురు జీవులు, డ్రాగనులు, కొంగలు, గ్రద్దలు: 'షోకాకు' పైకెగురు కొంగ, 'జుయికాకు' శుభసూచకమైన కొంగ. డిస్ట్రాయరులకు గాలి, మంచు, వాన, అల, చంద్రుడు. వర్తకపుటోడల పేరుచివర నుండు 'మారు' అను పదము యుద్ధనౌకకు తగులనీయరు. పెద్దనౌకల పేరులకు చక్రవర్తి యనుమతి కావలెను. వాని ముందుకొసను చక్రవర్తివంశపు చిహ్నమైన చామంతిపూవు మెఱయుచుండును. డిస్ట్రాయరులకు ఆ గౌరవము లేదు. నౌకలోపల చిన్నగుడియు నుండెడిది. 'యమాతో' నౌకలోని గుడి యమాతో రాష్ట్రపు ప్రాచీనదేవాలయమునకు శాఖ. ఊరి గ్రామదేవత ఓడయెక్కి యుద్ధమునకు పోయినదన్నమాట.

డిస్ట్రాయరుల పేరులయొద్ద కొంచెము నిలువవలెను. 1920 తరువాత కొన్నాళ్లు జపాను నౌకాశాఖవారు వీనికి పేరులు మాని అంకెలు వేసిరి. అంకెలతో నావికులు తృప్తిచెందలేదు. 1928 లో మఱల పేరులే వచ్చినవి. 'ఫుబుకీ' మంచుతుపాను, 'షిగురే' శరత్తు చివర కురియు జల్లు, 'సమిదారే' నాట్లకాలపు ముసురు, 'యూదాచీ' సాయంకాలపు చినుకు, 'హారుసామే' వసంతపు వాన. వానకిన్ని పేరులుండుట పైరునకు ఆకాశమువంక చూచు జాతికే సాధ్యము. మృగశిర, చిత్త, స్వాతి కార్తెల వానను వేఱువేఱుగ నెఱిగిన మన రైతునకు ఇది యాశ్చర్యము గొల్పదు. 'ఇనాజుమా' అను పేరు మఱియు ముచ్చటైనది. దాని యర్థము మెఱుపు. పదమును విడదీసినచో వరిపైరునకు జీవితభాగస్వామి. మెఱుపు తగిలిననే వరి పాలుపోసికొనునని వారి పూర్వుల నమ్మకము. వరిచేను పేరును టార్పిడోలు వేయు నౌకకు పెట్టినవారి మనస్సు మనకు దుర్గ్రాహ్యమే.

ఈ పట్టికలన్నిటిలోను మనుష్యుని పేరు కానరాదు. ఆంగ్లేయులు నౌకలకు రాజులను, నెల్సనును పేరుగా పెట్టిరి; జర్మనులు బిస్మార్కును, ఫ్రెంచివారు రిషెల్యూను. అమెరికావారు నేటికిని అధ్యక్షుల పేరులు పెట్టుచునే యున్నారు. జపానువారు తోగోకైనను నౌకనీయలేదు. ఈ నియమము నేటికిని మాఱలేదు. దక్షిణధ్రువమునకు పోవు మంచునౌకకు 'షిరాసే' యని పేరు. షిరాసే యను అన్వేషకుడు గలడు గాని, నౌకపేరు ఆయనది కాదట, ఆయన పేర వెలసిన హిమానీనదిది యట! మనుష్యుని పేరు పెట్టినచో నాతని కీర్తితోపాటు అపకీర్తియు ఓడయెక్కును. ప్రభుత్వము మాఱినచో పేరును చెఱిపివేయవలసివచ్చును. కొండకు, నదికి, రాష్ట్రమునకు అట్టి దోషమంటదు. యుద్ధములో ఏమి జరిగినను కొండ నిరపరాధి. అందుచేతనే ఓడిపోయిన పిమ్మట సైతము ఆ పేరులను మఱల పైకిదీయుట వారికి సులభమైనది. ఇందలి మేలును కీడును రెండును అచ్చటనే యున్నవి.

జాతిపేరు దాచునంటిమి. దానికి గట్టి నిదర్శనములు ఒడంబడికల కాలమున దొరకును. 1922 నాటి వాషింగ్టను సంధి ఇంగ్లండు, అమెరికా, జపానులకు మహాయుద్ధనౌకలలో 5, 5, 3 పాళ్లు నిర్ణయించెను. కట్టుచున్న నౌకలను విడగొట్టవలసివచ్చెను. రెండింటిని విమానవాహకములుగా మార్చుకొనుటకు జపానునకు వీలుకలిగెను. 'అమాగీ', 'అకాగీ' యను కొండపేరుల నౌకలను ఎన్నుకొనిరి. 1923 సెప్టెంబరు భూకంపములో అమాగీ చట్రము పాడయ్యెను. దాని స్థానమున 'కగా' ను తీసికొనిరి. పక్షుల పేరులుండవలసిన విమానవాహకములలో ఒకటి కొండగను, ఒకటి రాష్ట్రముగను మిగిలినది అందువలననే. వాని పుట్టుక యేమో పేరే చెప్పుచుండెను.

సంధిలో నింకొక సందు గలదు. 10,000 టన్నులకు లోపలి విమానవాహకములు లెక్కలోనికి రావు. ఆ సందున దూఱుటకై 1929 లో జపాను ఒక చిన్న విమానవాహకమును ఆరంభించెను. దానికి 'ర్యూజో' యని పేరు. ఉఱకలు వేయు డ్రాగనని భావము. 1930 నాటి లండను సంధి ఆ సందును మూసివైచెను గాని, నౌకపని ఆగలేదు. అదే లండను సంధి క్రూయిజరులను ఫిరంగి కొలతనుబట్టి రెండుజాతులు చేసెను: 155 మిల్లీమీటర్లకు మించినది పెద్దది, మించనిది చిన్నది. పెద్దవానిలో జపాను వంతు పూర్తియైనందున, 155 మిల్లీమీటర్ల ఫిరంగులు పదునైదేసి గల 'మొగామీ', 'మికుమా', 'సుజుయా', 'కుమానో' లను చిన్నక్రూయిజరులని చెప్పి కట్టిరి. 8,500 టన్నులని ప్రకటించిరి. నిజమైన బరువు అంతకు చాల హెచ్చు. ఎప్పుడు కావలసిన నప్పుడు పెద్దఫిరంగులు బిగించుటకు ముందే చోటుంచిరి. సంధులనుండి తప్పుకొన్న పిమ్మట ఆ ఫిరంగులను తీసి 203 మిల్లీమీటర్లవి పదేసి బిగించిరి. నౌక పెద్దజాతిలో చేరెను. పేరు మాత్రము నదిపేరే. ఇచ్చట మాత్రము జాతిపేరుతోపాటు సొంతపేరును ఆ వేషములో పాలుగొన్నది. కాని వేషము తీసిన పిమ్మటగూడ నదిపేరు నుదుటనే మిగిలి, ఒకప్పుడాడిన నాటకమునకు సాక్ష్యమిచ్చుచుండెను.

ఈ ర్యూజోను తెలుగువారు మఱువరాదు. 1942 ఏప్రిలు 6 వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిన విమానములు ఆ నౌకనుండి యెగిరినవే. నౌకాధిపతి ఒజావా నడపిన ఆ దండు ఆ దినములలో బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకనౌకలను ముంచెను. ముందునాడు కొలంబోపైనను, మూడు దినముల తరువాత ట్రింకోమలీపైనను అకాగీ, హిర్యూ, సోర్యూ, షోకాకు, జుయికాకు నౌకల విమానములు పడినవి. పాత కగా ఆ దండయాత్రలో లేదు. పలావు దీవులవద్ద రాతిగుట్టను తాకి మరమ్మతునకు పోయియుండెను. తీరమునందలి జనులు మూటాముల్లె సర్దుకొని లోపలిపల్లెలకు తరలిపోయినది ఆనాడే. మద్రాసునుండి సర్కారు కచేరీలు సైతము దూరప్రాంతములకు పోయినవి. కాగితముపై లెక్కకు రానంత చిన్నదని చెప్పి కట్టిన నౌక మన గుమ్మములోనికి వచ్చినప్పుడు చిన్నదిగా కనబడలేదు. ఆ ఆగస్టు 24 న సాలొమను దీవుల ప్రాంతమున అది మునిగినది.

దాచుట యను విద్య పరాకాష్ఠ నందినది 'యమాతో' విషయమున. కూరే రేవున తెఱలచాటున కట్టిన ఆ నౌక బరువు 64,000 టన్నులు. లోకమున అంతకుమించిన మహాయుద్ధనౌక పుట్టలేదు. దాని ఫిరంగి నోటి వెడల్పు 46 సెంటీమీటర్లు. నౌకాశాఖ కాగితములలో దానిని 40 సెంటీమీటర్ల ఫిరంగియనియే వ్రాసిరి. తోబుట్టువైన 'ముసాషి' ని నాగసాకిలో కట్టునప్పుడు చూపరులకు కానరాకుండ నారతెఱలు కట్టగా, ఆ ప్రాంతపు జాలరులకు వలత్రాళ్లు కఱవైనవట. ఇంత దాచినవారు పేరుమాత్రము దాచలేదు. యమాతో యనగా ఒక రాష్ట్రమే కాదు. జపాను జాతికంతటికి ఆదినామము. జర్మనీలో హిట్లరు 'డాయిష్లాండు' అను నౌక మునిగినచో జర్మనీయే మునిగెనని లోకమనునని భయపడి 1940 లో దానికి 'లుట్జోవ్' అని పేరు మార్పించెను. జపానువారు అట్లు జంకలేదు. 1945 ఏప్రిలు 6 న, తిరిగివచ్చునను నాశ లేకయే యమాతోను ఓకినావాకు పంపిరి. విమానముల రక్షణ లేని ఆ నౌక మఱునాటి మధ్యాహ్నమునకే మునిగినది; సుమారు 3,000 మంది దానితో పోయిరి. సైన్యనాయకులు తాము పొందబోవు పరాజయమును ప్రజలకు చెప్పలేదు. ఆ నౌకపేరు చెప్పినది.

1947 నాటి రాజ్యాంగములోని తొమ్మిదవ విధి జపానునకు సైన్యము, నౌకాబలము, విమానబలము ఉండరాదని శాసించెను. 1954 జూలై 1 న 'సముద్ర ఆత్మరక్షణదళము' పుట్టినది. నౌకాబలమని పిలువరాదు గనుక ఆత్మరక్షణ యనిరి. యుద్ధనౌక యనరాదు గనుక కావలినౌక యనిరి. భూసైన్యమున కొన్నాళ్లు టాంకును సైతము 'ప్రత్యేకవాహనము' అని పిలిచిరి. నౌకల పేరులను గంభీరమైన చీనా అక్షరములు మాని, పిల్లలు మొదట నేర్చు మెత్తని అక్షరములతో వ్రాయుట నియమమయ్యెను.

అప్పటినుండి వచ్చిన పేరులను వరుసగ చూడుడు. 1956 లో 'హారుకాజే', 'యుకికాజే' లు వచ్చినవి, వసంతపుగాలి, మంచుగాలి, 1,700 టన్నులు. గాలిపేరునకు ఎవరు వెఱతురు? 1973 లో 'హారునా' వచ్చినది, కొండ. 4,700 టన్నులు. 1993 లో 'కోంగో'. పెద్దకొండ, 7,250 టన్నులు. 2009 లో 'హ్యూగా', 2011 లో 'ఇసే'. రాష్ట్రములు, 13,950 టన్నులు. 2015 లో 'ఇజుమో', 2017 లో 'కగా', 19,500 టన్నులు. గాలినుండి కొండకు, కొండనుండి రాష్ట్రమునకు! సామ్రాజ్యపు నౌకాశాఖ యే మెట్లపై నౌకల నిలిపినదో ఆ మెట్లనే అరువదియేండ్లలో మఱల ఎక్కిరి. ఇన్ని మెట్లెక్కినను 1,700 టన్నులదియు కావలినౌకయే, 19,500 టన్నులదియు కావలినౌకయే. జాతిపేరు కదలలేదు, సొంతపేరు మాత్రము ఒక్కొక్క మెట్టునకు సత్యము చెప్పుచు వచ్చినది. 2018 డిసెంబరులో ఇజుమో, కగాలను యుద్ధవిమానములకు అనువుగా మార్చుటకు మంత్రివర్గము నిశ్చయించినప్పుడు, అధికారపక్షములవారు 'బహుప్రయోజనకరమైన కావలినౌక' యని యొక మాట కనిపెట్టిరి. విమానములు ఎల్లప్పుడు దానిపై నుండవు గనుక అది దాడిచేయు విమానవాహకము కాదని వారి వాదము. ఇల్లు కట్టి, నేను నిత్యము పడుకొనను గనుక ఇది యిల్లు కాదనుట వంటిది.

చీనావారికి 'ఇజుమో' పేరు వినగానే ఒళ్లు మండుటలో వింతలేదు. పాత ఇజుమో ఇంగ్లండులో తయారైన క్రూయిజరు; చీనా పరిహారధనము అండగా పెరిగిన దళములోనిది. 1932 లోను, 1937 లోను షాంఘాయి నదిలో లంగరువేసి చీనాపై యుద్ధమునకు ముఖ్యస్థానమైనది. తమ సొమ్ముతో పెరిగిన దళపు ఫిరంగులు తమ నగరముపైననే గురిపెట్టుట వారు చూచిరి. క్రొత్త ఇజుమోను జలప్రవేశము చేయించినది 2013 ఆగస్టు 6 న, హిరోషిమా దినమున. అయినను చీనావారు నీతులు చెప్పుటకు అర్హులని మేమనుకొనము. వారును తమ విమానవాహకములకు రాష్ట్రముల పేరులే పెట్టుచున్నారు: లియావోనింగు, షాన్‌డుంగు. 2022 లో జలప్రవేశము చేసినదానికి ఫూజియన్ అని పేరు. తైవాను దీవి కెదురుగ నున్న రాష్ట్రమది. అచ్చటను పేరు మాటాడుచునే యున్నది.

మన సంగతి యేమి? 2018 అక్టోబరున జపానునౌకలు రెండు మన నౌకాబలముతో కలిసి అభ్యాసము చేయుటకు విశాఖపట్టణమునకు వచ్చినవి. అందొకటి కగా; రెండవది వరిపైరునకు తోడైన ఇనాజుమా. ఆ మాసముననే దక్షిణకొరియావారు చేజూ దీవియొద్ద జరిగిన నౌకోత్సవమున జపాను ఉదయసూర్యపతాకమును ఎత్తవలదని కోరగా, జపాను తన నౌకను పంపుట మానుకొన్నది. కొరియాలో ఎత్తరాదన్న జెండాయే విశాఖలో ఎగిరినది. ఎవరును అభ్యంతరము చెప్పలేదు. ర్యూజో విమానములు వచ్చిన 76 సంవత్సరములకు ఆ రేవులోనే కగా అతిథియైనది. కొరియావారు 35 సంవత్సరములు జపాను క్రింద నలిగిరి. మన తీరమున బాంబులు పడినది ఒక్కదినము. గాయములు సమానము కావు గనుక మఱపును సమానము కానక్కఱలేదు. జపానుతో స్నేహము నేడు మనకు ప్రయోజనకరమనుటలో మాకు సందేహము లేదు. మనమును పాతపేరులను క్రొత్తనౌకలకు పెట్టుకొనుచునే యున్నాము. 1961 నాటి విక్రాంతుని పేరు 2022 లో మఱల సముద్రమెక్కినది. కాని మనము దానిని విమానవాహకమనియే పిలుచుచున్నాము. మిత్రుని యోడను మిత్రుడు చెప్పిన జాతిపేరుతో లెక్కించుకొనుట మాత్రము రాజకీయము కాదు. ఆ నౌకాభ్యాసమునకు పోవు మన యధికారులు కావలినౌక యను మాటను మర్యాదకు వాడుదురుగాక. తమ లెక్కపుస్తకములో మాత్రము 248 మీటర్లనియు, కగా యనియు వ్రాసికొనవలెను.

ఇంతవఱకు ఆత్మరక్షణదళము తాకని పేరులు కొన్ని మిగిలియున్నవి: యమాతో, ముసాషి, నాగాతో, అకాగీ. కొండయైన అకాగీని సైతము పెట్టలేదు. పెర్ల్ హార్బరు దాడికి అది ముఖ్యనౌక. కగాను పెట్టగలిగినవారు అకాగీని పెట్టుటకు వెనుదీసిరన్న, వారికిని పేరుల బరువు తెలియునన్నమాట. 2020 డిసెంబరులో జపాను మంత్రివర్గము క్షిపణుల నడ్డుకొను పెద్దనౌకలు రెండింటిని కట్టుటకు తీర్మానించినది. ఒక్కొక్కటి సుమారు 12,000 టన్నులుండునట్లు తలపెట్టిరి. కొండపేరుల కోంగోకన్న అవి చాల పెద్దవి. వానికి కొండల పేరులు పెట్టుదురా, రాష్ట్రముల పేరులు పెట్టుదురా, పెట్టినచో ఏ రాష్ట్రమును పెట్టుదురా యని మేము కనిపెట్టియుందుము.